జీతబత్తెముల వ్యాజ్యములు: యజమానుల జాగ్రత్త

2025వ సంవత్సరము నవంబరు 21వ తేదీన నాలుగు కార్మిక స్మృతులు దేశమంతట నొక్కమారుగా అమలులోనికి వచ్చినవి. వీనిలో వేతన స్మృతి 2019లోనే శాసనమయ్యెను. కాని అందలి ముఖ్యభాగము ఆరేండ్లు అలమారలో నిదురించినది. అది మేల్కొన్నది మొదలు వకీళ్ల గదులకు మిల్లు యజమానులు, బట్టల దుకాణముల వారు, ఆసుపత్రుల నిర్వాహకులు, ప్రైవేటు పాఠశాలల కార్యదర్శులు వచ్చుచున్నారు. అందరు నడుగు ప్రశ్న ఒక్కటే: "ప్లీడరుగారూ, మామీద జీతముల దావాలు పడకుండ ఏమి చేయవలెను?"

ఈ ప్రశ్నకు రెండర్థములు గలవు. మొదటి యర్థమున అడుగువాడు, ఇయ్యవలసినది ఇయ్యకయే తప్పించుకొను దారి యేదని అడుగుచున్నాడు. అట్టివానికి నేను చెప్పదగిన దేమియు లేదు. ఆ దారులన్నియు ఒక్కొక్కటిగా మూతపడినవి. రెండవ యర్థమున అడుగువాడు, తాను ఇచ్చినదానిని ఇచ్చినట్లు ఋజువు చేసికొనలేక నష్టపోవుదునేమో యని భయపడుచున్నాడు. ఇట్టివారే మన పట్టణములలో నెక్కువ. ఈ వ్యాసము వారికొరకు. మొదటివారును చదివిన తప్పులేదు.

ముందు చట్టము వచ్చిన త్రోవను కొంచెము చూడవలెను. దీనిని నేటి ప్రభుత్వము క్రొత్తగా పుట్టించినదని తలచి కోపగించుకొను యజమానులు కలరు. 1929లో నియమింపబడిన విట్లే కమిషను దేశమంతట తిరిగి 1931లో తన నివేదిక నిచ్చినది. ఫ్యాక్టరీలలో జీతములు నెలలు గడచినను ఇయ్యకుండుట, ఇచ్చునప్పుడు జరిమానాల పేర కోత కోయుట వారి దృష్టికి వచ్చినవి. దాని ఫలముగనే 1936లో వేతనముల చెల్లింపు చట్టము పుట్టెను. పనిగంటల కథ అంతకంటె పాతది. 1911 చట్టమునుబట్టి బట్టల మిల్లులలో మగవాడు దినమునకు 12 గంటలు పనిచేయవచ్చును. 1922లో అది వారమునకు 60 గంటలయ్యెను, 1934లో 54, 1946లో 48. ఆ 48 గంటల హద్దే 1948 ఫ్యాక్టరీల చట్టములోనికి వచ్చి నేటికిని నిలిచియున్నది. అనగా మన తాతల నాటినుండి ఈ గీత ఇచ్చటనే గీయబడియున్నది. "మాకు తెలియదు" అను మాట చెల్లు కాలము దాటినది.

మదరాసు చరిత్రలో యజమానులు మరువదగని కథ యొకటి గలదు. బకింగ్‌హాము, కర్నాటిక్ మిల్లులలోని కూలీలు 1918లో బి.పి. వాడియాగారి నాయకత్వమున మదరాసు లేబరు యూనియనును స్థాపించుకొనిరి. ఏ మహావిప్లవముకొరకు? మధ్యాహ్నము అన్నము తినుటకిచ్చు వేళ చాలుటలేదని వారి తొలి మొరలలో నొకటి. ఆ కొలది నిమిషములను గూర్చి కూర్చుండి మాటలాడుటకు బదులు, కొంతకాలమునకు మిల్లుల యేజెంట్లగు బిన్నీ కంపెనీవారు హైకోర్టు కెక్కి వాడియాగారిపైనను ఇతర నాయకులపైనను నిషేధపుటుత్తరువు పొందిరి. కోర్టులో గెలుపు వారిదే. కాని ఆ గెలుపు చూచి దేశము ఉలికిపడినది. కార్మికసంఘమునకు చట్టరక్షణ లేకున్న పని జరుగదని అందరకును తోచినది. తుదకు 1926లో ట్రేడు యూనియనుల చట్టము వచ్చినది. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యనగా నిదియే.

ఇక నేటి చట్టమునకు వత్తము. వేతన స్మృతిలో యజమాని మొదట చదువవలసినది 59వ సెక్షను. జీతము ఇయ్యలేదని గాని, తక్కువ ఇచ్చిరని గాని, అక్రమముగా కోసికొనిరని గాని పనివాడు అర్జీ పెట్టుకొన్నచో, ఇచ్చితినని ఋజువు చేయవలసిన భారము యజమానిమీద నున్నది. సామాన్యమైన దావాలో ఆరోపించినవాడు ఋజువు చూపవలెను. ఇచ్చట త్రాసు తిరుగబడినది. ఇది అన్యాయమని కొందరందురు. నాకట్లు తోచదు. హాజరుపట్టీ ఎవరి బీరువాలో నుండును? బటవాడా పుస్తకము ఎవరి గుమాస్తా వ్రాయును? కాగితము ఎవనిచేత నున్నదో వానినే చూపుమనుట న్యాయమే గదా.

తరువాత చూడవలసినది కాలపరిమితి. 1948 కనీస వేతనముల చట్టము క్రింద పనివాడు ఆరు నెలలలోపల అర్జీ పెట్టుకొనవలసి యుండెను. 1936 చట్టము క్రింద పండ్రెండు నెలలు. ఇప్పుడది మూడేండ్లయ్యెను. ఆ మొరను విను అధికారి, రావలసిన మొత్తమును ఇప్పించుటయేకాక, దానికి పదిరెట్ల వరకు పరిహారమును విధింపవచ్చును. అర్జీ పెట్టుటకు పనివాడే రానక్కరలేదు. అతని సంఘము పెట్టవచ్చును, ఇన్‌స్పెక్టరు పెట్టవచ్చును.

పలువురు యజమానులు ఇది విని, "మేమేమి వేలకువేలు ఎగవేసితిమా? ఒక అరగంట అటో ఇటో" యని నవ్వుదురు. ఆ అరగంటను లెక్క వేసి చూతము. నెలకు 15,600 రూపాయల జీతము గల పనివాడు 26 దినములు, దినమునకు 8 గంటలు పనిచేసిన 208 గంటలగును. గంటకు 75 రూపాయలు పడినది. హద్దు దాటిన పనికి రెట్టింపు కూలి యియ్యవలెను గావున గంటకు 150, అరగంటకు 75 రూపాయలు. నెలకు 1,950. మూడేండ్లకు 70,200. ఆ దుకాణమున నలువదిమంది పనివారున్నచో 28,08,000 రూపాయలు. పరిహారము పదిరెట్లు పడునని నేననను. అది అధికారి విచక్షణ. పడవలెననిన దాని పై హద్దు మరియొక 2,80,80,000 రూపాయలు. సాయంకాలము తలుపులు మూసిన పిదప సరకు సర్దించుకొను అరగంట, ఇంట నెవ్వరును లెక్కపెట్టని అరగంట, మూడేండ్లలో ఇంత పెరుగును. వడ్డీవ్యాపారి పద్దు సైత మింత వేగముగ పెరుగదు.

కావున దావాలకు మొదటి మందు హాజరుపట్టీ. అది నిజముగ నుండవలెను. నేను చూచిన యొక వ్యాజ్యమున, మిల్లు పేరు చెప్పను, యజమాని పక్షమున అయిదేండ్ల హాజరుపట్టీలను బండిలో తెచ్చి గుట్టగా పోసిరి. అన్ని పుటలు ముచ్చటగా నున్నవి. ప్రతి పనివాడును ప్రతిదినము సరిగా తొమ్మిదిగంటలకు వచ్చినట్లును, సరిగా అయిదున్నరకు వెడలినట్లును, ఒకే సిరాతో, ఒకే దస్తూరిలో వ్రాయబడియున్నది. వర్షము, జ్వరము, సంక్రాంతి, ఏవియు నా తొమ్మిదిగంటలను కదలింపలేదు. కూలీల తరపు వకీలు వేరేమియు అడుగలేదు. గేటు కాపరి వ్రాసికొను లారీల పుస్తకమును తెప్పింపుమనెను. అందులో రాత్రి ఎనిమిదిన్నరకు సరకెత్తిన హమాలీల పేర్లున్నవి. అంతటితో గుట్టంతయు చెత్తయ్యెను. ఆ అయిదేండ్లలో కొన్ని నెలలు నిజముగనే అయిదున్నరకు వదలియుండవచ్చును. కాని ఒక పుట అబద్ధమైనప్పుడు తక్కిన పుటలను నమ్ముదు రెవరు?

ఇన్‌స్పెక్టరు కొక పుస్తకము, ఇంటికొక పుస్తకము వ్రాయు అలవాటు మన వర్తకులలో పాతది. పన్నుల విషయమున నది ఎంతకాలము సాగినదో నాకక్కరలేదు. జీతముల విషయమున అదిప్పుడు ఆత్మహత్య. వేలిముద్ర యంత్రము నిమిషములతో సహా లెక్క వ్రాయుచున్నది. "రేపు ఆదివారము కూడ రావలెను" అని మేనేజరు పంపిన వాట్సాప్ సందేశము పనివాని జేబులో భద్రముగ నున్నది. డెలివరీ కుర్రవాని ఫోను ఏ వేళ ఏ వీధిలో నున్నదో చెప్పుచున్నది. ఇన్ని సాక్షులుండగా బల్లమీది పుస్తకము మాత్రము వేరుమాట చెప్పినచో దానిని చూచి జాలిపడవలసినదే.

పుస్తకమే లేకున్న మేలుగదా యని కొందరి యుపాయము. అదియు చెల్లదు. 1946లో అమెరికా సుప్రీంకోర్టు, మిచిగన్ రాష్ట్రములోని మౌంట్ క్లెమెన్స్ అను ఊరి పింగాణీ కర్మాగారపు కూలీల వ్యాజ్యమున ఈ ప్రశ్ననే తీర్చినది. యజమాని సరియైన లెక్కలుంచనప్పుడు కూలీలు నిమిషములతో సహా చూపవలసిన పనిలేదనియు, సబబైన అంచనా చూపిన చాలుననియు, దానిని ఖండించు భారము యజమానిదేననియు తీర్పు చెప్పిరి. గేటు దాటి తమ బల్లలను చేరువరకు కూలీలు నడచిన కాలమును కూడ ఆ తీర్పున పనిలో చేర్చిరి. దానితో దేశమంతట దావాలు వరదవలె వచ్చి పడగా, మరుసటి యేడు వారి కాంగ్రెసు సభ దానికి అడ్డుకట్టగా వేరు చట్టమును చేయవలసివచ్చెను. మన 59వ సెక్షను ఆ యంచనాలవరకును పోనక్కరలేకుండ భారమును మొదటనే యజమాని భుజముమీద నుంచినది.

పని యనగా నేమి, అది ఎప్పుడు మొదలగును, ఎప్పుడు ముగియును అను ప్రశ్నలో మన యజమానులు తరచుగ పొరపడుదురు. యంత్రము తిరుగుచున్నంతసేపే పనియని వారి తలంపు. 1961 మోటారు రవాణా పనివారల చట్టము, బండి నడచుచున్న కాలమునే గాక, దానికి సంబంధించిన చిల్లర పనులు చేయు కాలమును కూడ పనిగంటలలో చేర్చినది. పనివాడు యజమాని ఆజ్ఞకు లోబడియున్న కాలమంతయు పనియే యను భావము దానిలో గలదు. ఈ కొలతతో మన వీథిని చూడుడు. రాత్రి కాపరి, రెండవవాడు రానందున గంటన్నర యదనముగ నిలిచెను. పెట్రోలు బంకులో కుర్రవాడు పాళీ ముగిసిన తరువాత నగదు లెక్క అప్పగించుటకు ముప్పావుగంట వేచెను. ఆసుపత్రి నర్సు రోగుల వివరములను తరువాతి నర్సుకు చెప్పిగాని కదలగూడదు. బట్టల దుకాణమున అమ్మాయిలు తలుపు తెరువక ముందే వచ్చి చీరలు మడతపెట్టి పెట్టవలెను. ఇవన్నియు "ఊరక యున్న వేళలు" అని గుమాస్తా వ్రాయడు. అర్జీలో మాత్రము ఇవే మొదటి పేరాలగును. పనివేళలను ఏర్పరచునప్పుడే ఈ అప్పగింతల కాలమును లోపల చేర్చికొన్నచో ఖర్చు కొంచెమగును, పేచీ యుండదు.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వము వాణిజ్య సంస్థలలో దినమునకు 10 గంటలవరకు పని చేయించుకొనుటకు అనుమతించినది. ఆంధ్రప్రదేశమునందును ఆ యేటనే అట్టి సవరణకు పూనుకొనిరి. ఈ మార్పు మంచిదా చెడ్డదా యను చర్చ వేరుగా చేయవలసినది; నాకు దానిపై ప్రీతి లేదు. కాని యజమానులు దానిని చదివిన తీరు చూచి భయము కలుగుచున్నది. "దినమునకు పదిగంటలు, వారమునకు ఆరుదినములు, ఇక అరువది గంటలు మనవే" యని వారి లెక్క. వారమునకు 48 గంటలను హద్దు కదలనే లేదు! ఒకదినము పదిగంటలు చేయించినచో మరియొక దినమున తగ్గింపవలెను, లేదా రెట్టింపు కూలి యియ్యవలెను. ప్రభుత్వపుటుత్తరువు కవచమనుకొని యుద్ధమునకు పోయినవారి గతి గుజరాతులో చూచితిమి. 2020 ఏప్రిలులో ఆ రాష్ట్రమువారు మహమ్మారిని కారణముగ చూపి, ఫ్యాక్టరీలలో 12 గంటల పనిని అనుమతించి, అదనపు గంటలకు రెట్టింపు అక్కరలేదనిరి. అక్టోబరు 1వ తేదీన సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషనులను కొట్టివేసి, అర్హులైన పనివారికందరకును అదనపు కూలిని చట్టప్రకారము ఇయ్యవలెనని యాజ్ఞాపించెను. ఉత్తరువు ప్రభుత్వముదే, బాకీ మాత్రము యజమానుల నెత్తిన పడినది.

జీతమును ముక్కలు చేయు విద్యను గూర్చి రెండు మాటలు. మూలవేతనము పిసరంత చూపి, తక్కినదంతయు ఇంటిబత్తెము, ప్రయాణబత్తెము, ప్రత్యేకబత్తెము అని పేర్లు పెట్టుట లెక్కల నిపుణులు నేర్పిన చాతుర్యము. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భవిష్యనిధి వ్యాజ్యములలో, అందరకును ఒకే రీతిగ నిచ్చు బత్తెమునకు ఏ పేరు పెట్టినను అది మూలవేతనమే యని చెప్పినది. వేతన స్మృతి దానికిని మించి, మినహాయింపు బత్తెములు మొత్తములో సగమునకు దాటినచో దాటినంతవరకు వేతనముగనే లెక్కింపవలెనన్నది. పాత జీతపుపట్టీలను ఇంకను మార్చుకొననివారు ఈ నెలలోనే మార్చుకొనుట మంచిది. ఈ పని ఆడిటరు ఒక మధ్యాహ్నములో చేయగలడు.

కంట్రాక్టరు వెనుక దాగుట మరియొక భ్రమ. "వాండ్లు మా మనుషులు కారండీ, మేస్త్రీ మనుషులు" అని చెప్పని భవననిర్మాత లేడు, ఊడ్చువారిని ఏజెన్సీద్వారా తెచ్చుకొనని ఆసుపత్రి లేదు. 1970 కంట్రాక్టు కార్మికుల చట్టమే, కంట్రాక్టరు ఇయ్యనిచో అసలు యజమాని యిచ్చి తరువాత వానివద్ద రాబట్టుకొనవలెనన్నది. బటవాడా జరుగునప్పుడు అసలు యజమాని మనిషి యొకడు దగ్గరనుండి చూడవలెనని కూడ విధించినది. క్రొత్త స్మృతులును ఆ బాధ్యతను నిలిపియుంచినవి. ఇందు న్యాయము లేకపోలేదు: ఇల్లు కట్టుకొన్నది ఎవరు, ఇటుకలు మోసినది ఎవరికొరకు? కావున కంట్రాక్టరుతో వ్రాసికొను కాగితములో వంద పుటల షరతులకంటె ఒక్క షరతు మేలు. క్రిందటి నెల కూలీలందరి బ్యాంకి ఖాతాలలో డబ్బు పడినట్లు చూపినగాని ఈ నెల బిల్లు చెల్లదని వ్రాసి, అట్లే నడిపింపవలెను. అతి తక్కువ ధరకు టెండరు వేసిన కంట్రాక్టరును చూచి సంతోషించుటకు ముందు ఒక లెక్క వేయుడు. ఇంతమందికి కనీసవేతనము, భవిష్యనిధి కలిపిన ఎంతయగును? అతడడిగినది అంతకంటె తక్కువయైనచో మిగిలినది ఎవరి కడుపులోనుండి వచ్చును? అది చివరకు మీ బొక్కసమునుండియే వచ్చును.

కోతల సంగతి మన హోటళ్లలోను, బీడీ కార్ఖానాలలోను చూడవలెను. గ్లాసు పగిలిన కోత, ఆలస్యమునకు కోత, నగదు తగ్గిన కోత. నిజామాబాదు, కరీంనగరముల ప్రాంతమున బీడీలు చుట్టు స్త్రీలను అడుగుడు. తెచ్చిన కట్టలలో కొన్నిటిని నాసిరకమని ప్రక్కకు త్రోసి కూలి ఎగవేసి, ఆ త్రోసిన బీడీలనే అమ్ముకొనుట వారు తలలు నెరసినంత కాలమునుండి చెప్పుచున్న బాధ. చట్టము కోతలను పూర్తిగా నిషేధింపలేదు. కాని జరిమానా ఆ నెల వేతనములో నూటికి మూడు వంతులు దాటగూడదు. విధించుటకు ముందు పనివాడు చెప్పుకొనుటకు అవకాశమియ్యవలెను. అన్ని కోతలు కలసి సగమునకు మించగూడదు. పగిలిన వస్తువు వెల కోయవలెననిన, అది వాని అజాగ్రత్తవలననే పగిలినదని విచారించి తేల్చవలెను. ఒక చిన్న పుస్తకమున తేదీ, కారణము, వాడు చెప్పిన జవాబు వ్రాసి సంతకము తీసికొను యజమానిపై కోతల దావా నిలుచుట నేనెరుగను. వ్రాయక కోసినవాడు మాత్రము, కోత న్యాయమైనను, ఓడును.

పనివాడు మానినప్పుడు, లేదా మాన్పించినప్పుడు, లెక్క రెండు పనిదినములలో తీర్చవలెనని స్మృతి చెప్పుచున్నది. మనలో ఇది చాలమందికి తెలియదు. "వచ్చే నెల పదో తారీఖున రా, చూద్దాం" అని పంపివేయుదురు. ఆ పదవ తేదీ మరియొక పదవ తేదీకి దారితీయును. అలసిన మనిషి వకీలు గుమ్మమెక్కును. మాకు వచ్చు జీతముల వ్యాజ్యములలో చాలభాగము పనిచేయుచున్నవారివి గావు, మానినవారివి. అందును బాకీకంటె తిప్పించుకొన్న అవమానమే వారినెక్కువ కదిలించును. ఇక "నాకు ఏమియు రావలసినది లేదు" అని వ్రాయించుకొను కాగితములు. పనిలో చేరునప్పుడే తేదీ లేకుండ సంతకము తీసి దాచుకొనువారు కలరు. రావలసిన వేతనమును వదలుకొను ఏ యొప్పందమును చెల్లదని స్మృతి 60వ సెక్షనులో స్పష్టముగ నున్నది. ఆ కాగితమును కోర్టులో చూపుట, మోసము చేయ నుద్దేశించితినని స్వహస్తముతో వ్రాసి యిచ్చుటయే.

ఉద్యోగపు పేరు మార్చి అదనపు కూలి తప్పించుకొనుటయు నిట్టిదే. బల్లదగ్గర కూర్చుండి చిట్టాలు వ్రాయువానిని "ఎగ్జిక్యూటివు" అనినను, నలుగురు కూలీలతో కలసి మూటలెత్తువానిని "సూపర్‌వైజరు" అనినను, చూడవలసినది వాని ముఖ్యమైన పనినిగాని పేరునుగాదని సుప్రీంకోర్టు 1985లో సీబా గైగీ కంపెనీ వ్యాజ్యమున చెప్పినది. ఒకే పనికి స్త్రీకి తక్కువ కూలి ఇచ్చుటయు పేరు మార్పుతోనే సాగుచుండును. అదియు 1987లో మెకిన్నన్ మెకెంజీ కంపెనీ స్టెనోగ్రాఫరమ్మ గెలిచిన వ్యాజ్యముతో తేలినది.

ఇంత విన్న పిమ్మట చిన్న యజమాని అడుగుమాట యొకటి గలదు, దానిని త్రోసివేయరాదు. "అయ్యా, ప్రక్క దుకాణమువాడు ఇయ్యడు, నేనిచ్చిన నా సరకు ధర పెరుగును, నేను మూసికొనవలెను." కనీసవేతనము ఇయ్యలేని పరిశ్రమకు నిలుచు హక్కే లేదని సుప్రీంకోర్టు క్రౌన్ అల్యూమినియం వ్యాజ్యమున 1957లోనే చెప్పినది. మాట నిజము, కాని నలుగురు పనివారితో తానును సుత్తి పట్టు వాని చెవికి అది కఠినముగ తోచును. అతని పోటీ న్యాయముగా నుండవలెననిన, చట్టము ప్రక్క దుకాణమువానికిని సమానముగ పడవలెను. తక్కువకూలితో ధర తగ్గించువానిని పట్టుకొనుట చిన్న యజమానికే లాభము. వర్తకసంఘములు ఇది గ్రహించి తమలో తాము కట్టుబాటు చేసికొనిన ఇన్‌స్పెక్టరు రాకముందే సగము పని జరుగును. ప్రభుత్వము చేయవలసినదియు గలదు. కరవుబత్తెము మారినప్పుడెల్ల క్రొత్త రేట్లను వెంటనే, తెలుగులో, వర్తకునకు అర్థమగు పట్టికగా ప్రకటింపవలెను. ఇంగ్లీషు గెజెటు చదివి పద్దు మార్చుకొను కిరాణాదారుడు ఏ యూరనున్నాడు? క్రొత్త స్మృతి ఇన్‌స్పెక్టరుకు సలహాదారుడను బిరుదమును కూడ తగిలించినది; మొదటి తప్పునకు ప్రాసిక్యూషనుకు ముందు సరిదిద్దుకొను అవకాశమియ్యవలెనన్నది. ఆ అవకాశమును వాడుకొనుడు. పోయి అడిగిన యజమానిని పట్టుకొనెదరను భయము కొందరికి గలదు. వ్రాతమూలముగ అడిగి జవాబు దాచుకొనినవానికి భయమక్కరలేదు.

అన్నిటికంటె చవుకైన జాగ్రత్తను చివరకు మిగిల్చితిని. అడిగిన పనివాని మాట వినుట. 1918లో అహమ్మదాబాదు మిల్లుల తగవు గాంధీగారి ఉపవాసముతో ముడిపడి ప్రసిద్ధి పొందినది గాని, దానిని తుదకు తీర్చినది మధ్యవర్తి. ఆనందశంకర ధ్రువగారి యెదుట ఉభయులు కూర్చుండిరి. కూలీలకు నూటికి 35 వంతుల హెచ్చు దక్కెను. మిల్లుల యజమానులలో ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. కూలీల పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. తోబుట్టువులే చెరియొక వైపున నున్నప్పుడును బల్లచుట్టు కూర్చుండుట సాధ్యమయ్యెను. మన ఊళ్లలో జరుగునదేమి? నాలుగుగంటల ఓవర్‌టైము రాలేదని అడిగిన వానిని మరునాడే గేటుబయట నిలుపుదురు. నాలుగు గంటల బాకీ ఆ నిమిషమున ఉద్యోగపు వ్యాజ్యమగును. వానితో పనిచేసినవారందరును సాక్షులగుదురు. అడుగుటకొక మనిషిని, జవాబిచ్చుటకొక గడువును ఏర్పరచి, తప్పు మనదని తేలిన ఆ వారమే ఇచ్చివేసి, ఇచ్చినట్లు జీతపుచీటీపై వ్రాసినచో, పదిలో తొమ్మిది తగవులు కార్యాలయపు గడప దాటవు.

వచ్చు జీతపుదినమునకు ముందు ఒక సాయంకాలము యజమాని స్వయముగ కూర్చుండవలెను. హాజరుపట్టీ, వేలిముద్ర యంత్రపు లెక్క, గేటు పుస్తకము, బ్యాంకి బటవాడా పట్టీ, ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి ఏవేని అయిదుగురు పనివారి పేర్లు తీసికొని వారి నెలను గంటలతో సహా సరిచూచుకొనవలెను. కలియనిచోట ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టి, ఆ నెల జీతముతోనే తేడా ఇచ్చి, జీతపుచీటీలో దాని కారణము వ్రాయింపవలెను. ఏడవ తేదీ దాటకుండ ఈ పని ముగియవలెను. గుమాస్తాకు తెలియకుండ చేయుడని నేను చెప్పను. గుమాస్తాను ప్రక్కన కూర్చుండబెట్టుకొనియే చేయుడు. అట్లు చేసినచో వచ్చు నెలనుండి అతడే చేయును.